విడ్జెట్ పెట్టె సర్దడం, లినక్స్ ఫోనులో దించడం : ఒక పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు కబురు చేసినప్పుడు కవిత రాయాలా, కథ రాయాలా అని మేం ముగ్గురం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. కవితలు బాగా రాసేవాళ్లు మీలోనే ఉన్నారు. మాకు చేతనైంది కంప్యూటరు పని. కాబట్టి మాకు తెలిసిన ఒక పాఠం చెప్పాలని నిర్ణయించుకున్నాం. ఇది చదవడానికి కంప్యూటరు మీ ముందు ఉండనక్కర్లేదు. హాస్టల్‌లో చేరిన రోజు మీ ట్రంకు పెట్టె ఎలా సర్దుకుని వచ్చారో గుర్తుంటే చాలు.

ఈ పాఠం ఎందుకు?

మేము ఇదే హాస్టల్‌లో ఉండి పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో చేరాం. 2016 మొదట్లో ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లం. అప్పట్లో హాస్టల్‌లో ఇంటర్నెట్ లేదు. మాలో ఇద్దరి దగ్గరా, సాయంత్రం ట్యూషన్ చెప్పే సారు దగ్గరా ఒకే రకం చవక ఫోన్లు మూడు ఉండేవి. నెట్ బ్యాలెన్స్ వేయించుకుంటే రెండు రోజుల్లో అయిపోయేది. స్టడీ అవర్‌లో పిల్లలు మా చుట్టూ మూగి "అన్నా, ఆ సూత్రం ఇంకోసారి చూపించు" అని అడిగేవాళ్లు.

అప్పుడే మాకొక ఆలోచన వచ్చింది. పదో తరగతి లెక్కల సూత్రాలన్నీ, వాటితోపాటు ఇరవై ప్రశ్నల చిన్న పరీక్ష, నెట్ అవసరం లేకుండా ఫోనులోనే ఉండేలా చేయలేమా? మాకు వచ్చింది కాలేజీలో నేర్చుకున్న హెచ్‌టీఎంఎల్, కొంచెం జావాస్క్రిప్టు మాత్రమే. ఆ కొంచెంతోనే పని జరిగింది. ఎలా జరిగిందో, ఎక్కడ దెబ్బ తిన్నామో ఈ పాఠంలో చెబుతాం.

విడ్జెట్ అంటే ఏమిటి?

మనం బ్రౌజరులో చూసే వెబ్ పేజీ ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు నుంచి వస్తుంది. నెట్ లేకపోతే పేజీ రాదు. అదే పేజీని, దాని బొమ్మలను, రంగులు చెప్పే ఫైళ్లను, జావాస్క్రిప్టును ఒకే పెట్టెలో పెట్టి ఫోనులోకి దించామనుకోండి. అప్పుడు నెట్‌తో పని లేదు. పేజీ ఫోనులోనే ఉంటుంది. మెనూలో దానికొక బొమ్మ కనిపిస్తుంది. నొక్కితే తెరుచుకుంటుంది. ఇలా పెట్టెలో సర్దిన వెబ్ పేజీనే వెబ్ విడ్జెట్ అంటారు.

మొదట్లో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకంగా ఈ పెట్టెలు తయారు చేసేది. ఒకరి పెట్టె మరొకరి ఫోనులో తెరుచుకునేది కాదు. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని వెబ్ ప్రమాణాలు తయారు చేసే సంస్థ డబ్ల్యూ3సీ 2006లో పని మొదలుపెట్టి, 2011 సెప్టెంబరులో విడ్జెట్ పెట్టె ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాన్ని ప్రకటించింది. ఈ పెట్టె పేరు చివర డాట్ డబ్ల్యూజీటీ అని ఉంటుంది.

లినక్స్ ఫోన్లు

లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి 1991లో మొదలుపెట్టిన లినక్స్ గురించి మీరు వినే ఉంటారు. అది పెద్ద కంప్యూటర్లలోనే కాక, చేతిలో పట్టే పరికరాల్లోకీ వచ్చింది. నోకియా కంపెనీ 2005లో 770 అనే చిన్న పలక లాంటి పరికరాన్ని మాయెమో అనే లినక్స్‌తో విడుదల చేసింది. 2009లో వచ్చిన ఎన్900 ఫోనులోనూ అదే ఉండేది. 2010 ఫిబ్రవరిలో మాయెమోను, ఇంటెల్ వారి మోబ్లిన్‌ను కలిపి మీగో అన్నారు. 2011 సెప్టెంబరులో మీగో స్థానంలో టైజెన్ అనే కొత్త వ్యవస్థను ప్రకటించారు. ఇంటెల్, శాంసంగ్ దానికి ముందు నిలిచాయి.

టైజెన్‌కూ మనకూ ఒక సంబంధం ఉంది. టైజెన్‌తో శాంసంగ్ అమ్మకానికి పెట్టిన మొదటి ఫోను జడ్1. అది 2015 జనవరిలో మొదట మన దేశంలోనే విడుదలైంది. ధర 5,700 రూపాయలు. నాలుగు అంగుళాల తెర, 768 ఎంబీ ర్యామ్. మేము చెప్పిన మూడు ఫోన్లూ అవే. టైజెన్‌లో వెబ్ అప్లికేషన్లు డబ్ల్యూ3సీ చెప్పిన డాట్ డబ్ల్యూజీటీ పెట్టెలోనే రావాలి. అందుకే మా హెచ్‌టీఎంఎల్ చదువు ఆ ఫోనులో అక్కరకు వచ్చింది.

పెట్టెలో ఏమేం ఉండాలి?

డాట్ డబ్ల్యూజీటీ అని పేరు మారినా, లోపల అది మామూలు జిప్ ఫైలే. జిప్ పద్ధతిని ఫిల్ కాట్జ్ అనే అమెరికా ప్రోగ్రామరు 1989లో తయారు చేశాడు. ప్రతి జిప్ ఫైలు మొదటి రెండు అక్షరాలు ఇంగ్లీషులో పీ, కే. అవి ఆయన పేరులోని పొడి అక్షరాలు. ఫోను ముందుగా చూసేది ఈ గుర్తునే. పేరు ఏదైనా పెట్టవచ్చు గాని లోపలి గుర్తు లేకపోతే ఫోను దాన్ని జిప్ అని ఒప్పుకోదు.

పెట్టెలో ఉండేవి ఇవి.

1. జాబితా కాగితం. దీని పేరు కాన్ఫిగ్ డాట్ ఎక్స్ఎంఎల్. అన్నీ చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. మరో పేరు పెడితే చెల్లదు.
2. మొదటి పేజీ. జాబితాలో ఏ పేజీ అని చెప్పకపోతే ఫోను ఇండెక్స్ అనే పేరుతో మొదలయ్యే పేజీ కోసం వెతుకుతుంది.
3. మెనూలో కనిపించే చిన్న బొమ్మ. దీన్ని ఐకాన్ అంటాం.
4. మిగిలిన పేజీలు, బొమ్మలు, స్టైలు ఫైళ్లు, జావాస్క్రిప్టు ఫైళ్లు.
5. సంతకాల ఫైళ్లు. వీటి గురించి ముందు ముందు చెబుతాం.

మన భాషకు పనికొచ్చే ఏర్పాటు ఒకటి ఇందులో ఉంది. పెట్టెలో లొకేల్స్ అనే సంచి పెట్టి, దానిలో తెలుగుకు గుర్తయిన టీఈ అనే రెండక్షరాల పేరుతో మరో సంచి పెట్టి, అందులో తెలుగు పేజీలు ఉంచవచ్చు. ఫోను భాష తెలుగైతే ఆ పేజీలు తెరుచుకుంటాయి. కాకపోతే బయట ఉన్న మామూలు పేజీలు తెరుచుకుంటాయి. ఒకే పెట్టె ఇద్దరికీ పనికొస్తుందన్నమాట.

జాబితా కాగితంలో ఏం రాయాలి?

మనం హాస్టల్‌లో చేరేటప్పుడు దరఖాస్తు నింపాం. పేరు, ఊరు, తరగతి, తండ్రి పేరు, కావలసిన వసతులు అన్నీ అందులో ఉంటాయి. ఆ దరఖాస్తు చూసి మనం ఎవరమో ఆఫీసులో తెలుసుకుంటారు. కాన్ఫిగ్ ఫైలు అలాంటిదే. అందులో ముఖ్యమైన గడులు ఇవి.

విడ్జెట్ : ఇది అన్నిటికీ పైన ఉండే గడి. మిగిలినవన్నీ దీని లోపల ఉంటాయి. వెర్షన్ నంబరు ఇక్కడే రాయాలి.
నేమ్ : మెనూలో కనిపించే పేరు. మేము "లెక్కల పెట్టె" అని పెట్టాం.
ఆథర్ : తయారు చేసినవాళ్ల పేరు.
కంటెంట్ : మొదట తెరవాల్సిన పేజీ.
ఐకాన్ : బొమ్మ ఫైలు పేరు.
యాక్సెస్ : బయటి ఏ వెబ్‌సైటుతో మాట్లాడాలో ఆ చిరునామా.

వీటితోపాటు టైజెన్ పది అక్షరాల ప్యాకేజీ గుర్తు ఒకటి అడుగుతుంది. అది మన అడ్మిషన్ నంబరు లాంటిది. ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుండవచ్చు గాని ఒకే అడ్మిషన్ నంబరు ఇద్దరికి ఉండదు కదా. ఫోనులో కెమెరా, ఫోన్ నంబర్ల పుస్తకం లాంటివి వాడాలంటే వాటి అనుమతులు కూడా ఈ కాగితంలోనే ముందుగా అడగాలి.

యాక్సెస్ గడి గురించి ఒక్క మాట. డబ్ల్యూ3సీ పద్ధతిలో విడ్జెట్‌కు బయటి నెట్‌తో మాట్లాడే హక్కు మొదట్లో ఉండదు. అడిగితేనే వస్తుంది. మా లెక్కల పెట్టెకు బయట పని లేదు కాబట్టి మేము అడగలేదు. దానివల్ల పిల్లలు ఎంతసేపు వాడినా సారు ఫోనులో బ్యాలెన్స్ ఒక్క పైసా తగ్గలేదు. అక్కర్లేనిది అడగకపోవడం మర్యాద మాత్రమే కాదు, లాభం కూడా.

పెట్టె కట్టేటప్పుడు మేము చేసిన మూడు పొరపాట్లు

మొదటిది. మా ఫైళ్లన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకున్నాం. ఆ ఫోల్డరు మీద నొక్కి జిప్ చేశాం. ఫోను ఒప్పుకోలేదు. ఎందుకు? పెట్టె తెరవగానే కాన్ఫిగ్ ఫైలు పైనే కనిపించాలి. మేము చేసిన పనివల్ల పెట్టె తెరిస్తే ఒక ఫోల్డరు, దాని లోపల కాన్ఫిగ్ ఫైలు ఉన్నాయి. ట్రంకు లోపల ఇంకో ట్రంకు పెట్టి, దరఖాస్తు కాగితం అందులో దాచినట్టయింది. చేయాల్సింది ఏమిటంటే, ఫోల్డరు లోపలికి వెళ్లి, అక్కడున్న ఫైళ్లన్నీ ఎంచుకుని, వాటిని జిప్ చేయాలి.

రెండోది. త్రిభుజాల బొమ్మలు ల్యాబు కంప్యూటరులో చక్కగా కనిపించాయి. ఫోనులో మాత్రం బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి వచ్చింది. కెమెరా నుంచి వచ్చిన బొమ్మల పేర్ల చివర జేపీజీ అని పెద్దబడి అక్షరాల్లో ఉంది. పేజీలో మేము చిన్నబడిలో రాశాం. విండోస్ కంప్యూటరు రెండిటినీ ఒకటిగానే చూస్తుంది. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. అప్పటినుంచి ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడిలోనే, ఖాళీలు లేకుండా రాయడం అలవాటు చేసుకున్నాం.

మూడోది. సూత్రాల పాఠం ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించాం. తెర మీద తెలుగే కనిపించింది. దాన్ని తెచ్చి పేజీలో పెడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. పాత డీటీపీ ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో మాత్రమే అవి తెలుగులా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు వాటి సొంత నంబర్లున్నాయి. అందుకని పాఠమంతా మళ్లీ యూనికోడ్‌లో మేమే టైపు చేసి, ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో దాచాం. నాలుగు రాత్రులు పట్టింది. ఆ తొందరలోనే ఒక తప్పు దొర్లింది. దాని సంగతి తర్వాత చెబుతాం.

రెండు సంతకాలు

పెట్టె సర్దడం అయ్యాక సంతకాలు కావాలి. ఎందుకు? మనం తయారు చేసిన పెట్టె చేతులు మారి మారి వెళ్తుంది. దారిలో ఎవరైనా దాన్ని తెరిచి, మంచి పేజీ తీసేసి చెడ్డ పేజీ పెడితే? ఫోనుకు ఎలా తెలుస్తుంది?

స్కాలర్‌షిప్ దరఖాస్తు సంగతి గుర్తు తెచ్చుకోండి. దాని మీద మన సంతకం ఉండేది. అది చాలక, జిరాక్సు కాపీల మీద గెజిటెడ్ అధికారి చేత అటెస్టేషన్ చేయించుకునేవాళ్లం. మన సంతకం "ఇది నాది" అని చెబుతుంది. అధికారి సంతకం "నేను చూశాను, సరిగ్గానే ఉంది" అని చెబుతుంది. విడ్జెట్ పెట్టెలోనూ సరిగ్గా అవే రెండు ఉంటాయి. ఒకటి రచయిత సంతకం. రెండోది పంపిణీదారు సంతకం. రచయిత సంతకం పెట్టెలోని ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది. పంపిణీదారు సంతకం ఆ ఫైళ్లతోపాటు రచయిత సంతకానికి కూడా వర్తిస్తుంది. టైజెన్ ఫోనుకు రెండూ కావాలి.

ఇది కలంతో పెట్టే సంతకం కాదు. ముందుగా ప్రతి ఫైలుకూ ఒక లెక్క కడతారు. దీన్ని హాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క ఎంత పెద్ద ఫైలునైనా 256 బిట్ల గుర్తుగా మారుస్తుంది. ఫైలులో ఒక్క కామా మార్చినా ఈ గుర్తు మొత్తం మారిపోతుంది. ఇలా వచ్చిన గుర్తులన్నీ ఒక కాగితంలో రాసి, ఆ కాగితం మీద రచయిత తన రహస్య తాళంచెవితో సంతకం చేస్తాడు. ఆ తాళంచెవికి జోడీగా అందరూ చూడగలిగే మరో తాళంచెవి ఉంటుంది. అది సర్టిఫికెట్‌లో ఉంటుంది. ఫోను సర్టిఫికెట్ తీసుకుని, సంతకం సరిపోయిందో లేదో చూసుకుంటుంది. బ్యాంకులో మన నమూనా సంతకం ఉంచుకుని, చెక్కు మీది సంతకంతో పోల్చి చూసినట్టే.

ఈ లెక్కలు మనం చేతితో చేయనక్కర్లేదు. టైజెన్ అప్లికేషన్లు తయారు చేసుకోవడానికి ఉచితంగా ఇచ్చే ఎస్‌డీకే అనే పనిముట్ల కట్ట అన్నీ చేసిపెడుతుంది. మనం రచయిత సర్టిఫికెట్ తయారు చేసుకుని, దానికొక పాస్‌వర్డు పెట్టి, ఫైలును భద్రంగా దాచుకోవాలి. ఈ చివరి మాట కింద గీత గీసుకోండి.

ఫోనులో ఏం జరుగుతుంది?

ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ డీబగ్గింగ్ అనేది ఆన్ చేసి, కేబులుతో కంప్యూటరుకు కలిపి, ఎస్‌డీకేలో ఇన్‌స్టాల్ ఆజ్ఞ ఇస్తే పెట్టె ఫోనులోకి వెళ్తుంది. బయటికి ఒక నిమిషం పని. లోపల జరిగేది ఇది.

1. ఫోనులోని ప్యాకేజీ మేనేజరు పెట్టె రకం చూసి, విడ్జెట్ల పని చూసే ఇన్‌స్టాలరుకు అప్పగిస్తుంది.
2. ఇన్‌స్టాలరు పెట్టెను విప్పి, లోపలున్నవి చూస్తుంది. జిప్ పాడైపోయి ఉంటే అక్కడే ఆగిపోతుంది.
3. రెండు సంతకాలూ సరిచూస్తుంది. ఒక్క ఫైలు హాష్ తేడా వచ్చినా పెట్టెను తిప్పి పంపుతుంది.
4. కాన్ఫిగ్ ఫైలు చదివి పేరు, గుర్తు, మొదటి పేజీ, ఐకాన్ తెలుసుకుంటుంది.
5. అడిగిన అనుమతులు ఆ సర్టిఫికెట్‌కు ఇవ్వదగినవా కాదా చూస్తుంది. ఫోను లోపలి వ్యవస్థను తాకే అనుమతులు మామూలు సర్టిఫికెట్‌కు దొరకవు.
6. అన్నీ సరిపోతే ప్యాకేజీ గుర్తు పేరుతో ఒక ఫోల్డరు చేసి ఫైళ్లు అందులో పెడుతుంది. తన రిజిస్టరులో నమోదు చేసుకుంటుంది. మెనూలో ఐకాన్ కనిపిస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక కూడా కాపలా ఉంటుంది. టైజెన్ లినక్స్‌లో స్మాక్ అనే భద్రతా ఏర్పాటు ఉంది. దీనివల్ల ఒక అప్లికేషన్ దాచుకున్నవి మరో అప్లికేషన్ అనుమతి లేకుండా తెరవలేదు. గదిలో పది ట్రంకులున్నా ఎవరి తాళం వారిదే అన్నట్టు.

మా తాళంచెవి పోయిన కథ

2016 ఫిబ్రవరిలో మూడు ఫోన్లలోనూ లెక్కల పెట్టె ఎక్కించాం. స్టడీ అవర్‌లో పిల్లలు వంతులవారీగా ఇరవై ప్రశ్నల పరీక్ష రాసేవాళ్లు. ఎవరికెన్ని మార్కులు వచ్చాయో విడ్జెట్టే ఫోనులో దాచేది. మొదటి వారం ఇరవైకి ఏడు వచ్చిన ఒక తమ్ముడికి మూడో వారం పదహారు వచ్చాయి. వాడు ఆ అంకె అందరికీ చూపించి మురిసిపోయాడు.

ఆ తమ్ముడే ఒకరోజు మా దగ్గరకు వచ్చి, "అన్నా, మీ పెట్టెలో శ్రేఢుల సూత్రం తప్పు" అన్నాడు. మేము నవ్వాం. వాడు కాగితం తీసి చూపించాడు. ఒకటి నుంచి పది వరకు కూడితే ఎంత? వేళ్ల మీద లెక్కపెట్టినా 55. మా సూత్రంతో చేస్తే 65 వచ్చింది. అంకశ్రేఢిలో ఎన్ పదాల మొత్తానికి "ఎన్ మైనస్ ఒకటి" అని ఉండాల్సిన చోట మేము "ఎన్ ప్లస్ ఒకటి" అని టైపు చేశాం. రాత్రిళ్లు నిద్రమత్తులో టైపు చేసిన ఫలితం అది. అప్పటికి మూడు వారాలుగా ముప్ఫైమంది పిల్లలు ఆ సూత్రాన్నే బట్టీ పడుతున్నారు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ క్షణంలో మా గుండె జారిపోయింది.

ఆ రాత్రే వాళ్లందరికీ బోర్డు మీద సరైన సూత్రం రాసి చెప్పాం. పొద్దున్నే కాలేజీకి పరుగెత్తి, ఫైలులో గుర్తు మార్చి, వెర్షన్ నంబరు పెంచి, కొత్త పెట్టె కడదామని చూస్తే ల్యాబు కంప్యూటరు ఫార్మాట్ చేసి ఉంది. మా పేజీలు పెన్‌డ్రైవులో ఉన్నాయి. రచయిత సర్టిఫికెట్ మాత్రం ఆ కంప్యూటరులోనే వదిలేశాం. ల్యాబు కంప్యూటర్లు అప్పుడప్పుడూ ఫార్మాట్ చేస్తారని మాకు తెలుసు. తెలిసీ దాచుకోకపోవడం మా తప్పే.

సరే, కొత్త సర్టిఫికెట్ చేసుకుని కొత్త పెట్టె కట్టాం. ఫోను ఒప్పుకోలేదు. ఎందుకంటే, అదే ప్యాకేజీ గుర్తుతో పాత పెట్టె ఫోనులో ఉంది. దాని మీద కొత్తది ఎక్కాలంటే పాత రచయిత సంతకమే ఉండాలి. అలా కాకపోతే మన పెట్టె పేరు పెట్టుకుని ఎవరైనా తమ పెట్టెను ఎక్కించేయగలరు. నియమం మంచిదే. ఆ నియమం దృష్టిలో ఇప్పుడు మేమే పరాయివాళ్లమయ్యాం!

ఒకటే దారి మిగిలింది. పాతది తీసేసి కొత్తది ఎక్కించాలి. మొదటి ఫోనులో ఆలోచించకుండా తీసేశాం. తీసేశాక తెలిసింది, దానితోపాటు అందులో దాచిన పదకొండుమంది మార్కులూ పోయాయని. ఏడు నుంచి పదహారుకు వచ్చిన తమ్ముడి మార్కులు కూడా అందులోనే ఉన్నాయి. వాడు ఏమీ అనలేదు. "మళ్లీ రాస్తాలే అన్నా" అన్నాడు. మాకు మాత్రం తల ఎత్తుకోబుద్ధి కాలేదు. మిగిలిన రెండు ఫోన్లలోని మార్కులను ముందు ఒక నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాతే పాతది తీశాం.

ఈ కథ నుంచి మూడు మాటలు నేర్చుకున్నాం. సంతకపు తాళంచెవిని రెండు వేరువేరు చోట్ల దాచాలి. పాతది తీసేముందు లోపల ఎవరి కష్టం దాచి ఉందో చూడాలి. పదిమందికి ఇచ్చే పాఠాన్ని ఇచ్చేముందు, చిన్నవాడి చేతనైనా ఒకసారి లెక్క చేయించి సరిచూడాలి.

ఆ ఫోన్లు లేవు, పాఠం ఉంది

ఈ పాఠం ఇప్పుడు ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, ఆ ఫోన్లు ఇప్పుడు రావడం లేదు. టైజెన్ ఫోన్లకు అప్లికేషన్లు ఇచ్చే టైజెన్ స్టోరు 2021 చివరతో మూతపడింది. డబ్ల్యూ3సీ కూడా తన విడ్జెట్ ప్రమాణాన్ని 2018లో కాలం చెల్లినదిగా ప్రకటించింది. వెబ్ యాప్ మ్యానిఫెస్ట్, సర్వీస్ వర్కర్ అనే కొత్త పద్ధతులు వచ్చాయి. వాటితో పెట్టె కట్టకుండానే వెబ్ పేజీని ఫోనులో నిలిపి, నెట్ లేనప్పుడు కూడా తెరవవచ్చు.

అయినా పాత పాఠం వృథా కాలేదు. శాంసంగ్ టీవీలలో టైజెన్ నేటికీ నడుస్తోంది. వాటి వెబ్ అప్లికేషన్లు ఇప్పటికీ డాట్ డబ్ల్యూజీటీ పెట్టెల్లోనే వెళ్తాయి. మీ ఇళ్లలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను కూడా లోపల లినక్స్ కెర్నలు మీద నడిచేదే. దాని ఏపీకే ఫైలూ జిప్ పెట్టే. అందులోనూ జాబితా కాగితం ఉంటుంది, అనుమతులు ఉంటాయి, సంతకం ఉంటుంది. అప్‌డేట్ రావాలంటే పాత తాళంచెవి సంతకమే కావాలి. పేర్లు మారాయి గాని పద్ధతి అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈమధ్య వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, బ్యాంకు నోటీసు అనో, ప్రభుత్వ పథకం అనో ఏపీకే ఫైళ్లు పంపి, నొక్కినవాళ్ల ఖాతాల్లో డబ్బు కాజేసే మోసాలు జరుగుతున్నాయి. మన అమ్మానాన్నలు కూలి చేసి దాచుకున్న డబ్బు అది. ఈ పాఠం చదివిన మీరు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లకు రెండు ప్రశ్నలు నేర్పండి. ఈ పెట్టె మీద ఎవరి పూచీ ఉంది? ఇది ఏ అనుమతులు అడుగుతోంది? శుభలేఖకు మన మెసేజీలు చదివే అనుమతి ఎందుకు? స్టోరులో కాకుండా ఎవరో పంపిన పెట్టెను అసలు తెరవవద్దని చెప్పండి.

మీరే చేసి చూడండి

1. హాస్టల్ కంప్యూటరులో ఒక డాక్స్ ఫైలు కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల ఏముందో నోటుబుక్కులో రాయండి.
2. మీ ఊరి గురించి నాలుగు పేజీల హెచ్‌టీఎంఎల్ యూనికోడ్ తెలుగులో రాయండి. ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడిలో ఉండాలి.
3. ఆ పేజీలకు ఒక కాన్ఫిగ్ జాబితా కాగితం మీద రాయండి. ఏ అనుమతులు కావాలి? ఏవి అక్కర్లేదు?
4. కాన్ఫిగ్ ఫైలు పెట్టెలో పైనే ఎందుకు ఉండాలి? సొంత మాటల్లో చెప్పండి.
5. రచయిత సంతకానికీ పంపిణీదారు సంతకానికీ తేడా ఏమిటి?
6. ఇంట్లో ఒక ఫోను తీసుకుని, అందులోని ఒక అప్లికేషన్‌కు ఇచ్చిన అనుమతులు చూడండి. అక్కర్లేనివి ఉంటే పెద్దలకు చెప్పి తీసేయండి.

తమ్ముళ్లారా, మన చేతికి వచ్చే ప్రతి వస్తువూ ఎవరో తయారు చేసిన పెట్టే. దాన్ని వాడటం అందరికీ వస్తుంది. తెరిచి లోపల ఏముందో చూసే అలవాటు కొందరికే ఉంటుంది. మన హాస్టల్ పిల్లలు ఆ కొందరిలో ఉండాలని మా కోరిక. మా సూత్రంలో తప్పు పట్టిన తమ్ముడు చేసిందీ అదే. అన్నలు రాశారు కదా అని ఊరుకోకుండా, తానే కూడి చూశాడు. ఈ పాఠాన్ని కూడా మీరు అలాగే చదవండి. తప్పు కనిపిస్తే మమ్మల్ని నిలదీయండి.

అందరూ బాగా చదువుకుని, హాస్టల్‌కు మంచి పేరు తేవాలని కోరుకుంటూ,

మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు